పేరు పెట్టే పని

పోర్తోలో పొద్దున్నుంచీ ముసురు.
మూడో అంతస్తులో ఇదలీనా
మానిటర్ ఆపేసి పనిలో కూర్చుంది.
కరెంటు దండగ, నాకెందుకది, అంటుంది.

చెవుల్లో ఒక గొంతు ఉరుకుతోంది
చేటలో బియ్యం చెరిగినంత వేగంగా.
మనకైతే అది వట్టి గోల,
ఆమెకు రాయి రాయిలా, గింజ గింజలా వినిపిస్తుంది.

టాబ్. "బొతావ్," అంటుంది యంత్రం.
టాబ్. "బొతావ్."
టాబ్. "బొతావ్."

ఎప్పుడో వాళ్ళ ఓడలు దిగి
మన చొక్కాల మీదికెక్కిన మాటే అది, బొత్తాం.
ఏది నొక్కితే పడవ టికెట్టు,
ఏది నొక్కితే కట్టిన డబ్బు గంగపాలు,
చెప్పదు.
నోరుంది, పేరు లేదు.

ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి టెలిఫోన్ గదిలో
ఎవరి గొంతు ఎవరికి కావాలో కలిపిన మనిషి.
ఆ గది మూసేసిన రోజు
శాలువా బదులు చేతిగడియారం ఇచ్చారు.
మాట్లాడదది.
ముళ్ళు తడుముదామంటే పైన బిగించిన అద్దం.
ఇప్పటికీ సొరుగులోనే ఉంది.
"నేను పట్టుకున్న మొదటి లోపం," అంటుంది
నవ్వకుండా.

ఎదురుబల్ల వాల్దెమార్ చేరి వారమైంది.
చెప్పుల ఫ్యాక్టరీలో మిషను
కుడిచేతి రెండు వేళ్ళు ఉంచేసుకుంది.
మౌస్‌తో పొత్తు కుదరక
కీబోర్డుతోనే ఊరంతా తిరుగుతాడు.
మొదటి రిపోర్టులో ఒకటే వాక్యం రాశాడు:
సైటు బాగాలేదు.

"బాగాలేకపోవడానికి అదేమన్నా వాతావరణమా?
లోపానికి చిరునామా ఉంటుంది నాయనా.
ఏ పేజీ, ఏ మీట, ఏం కావాలి, ఏమైంది.
ఆ తర్వాత ఇంకో వరస గియ్యి:
గుమ్మం బయట ఎవరు మిగిలిపోయారు."
ఫారంలో ఆ గడి లేదన్నాడతను.
గియ్యమంటున్నానుగా, అంది.

మధ్యాహ్నం మీటింగు.
పడవల కంపెనీ కుర్రాడు తెల్మో
మర్యాదగానే అడిగాడు,
కళ్ళు లేనివాళ్ళు నది చూడ్డానికి ఎందుకొస్తారని.
గదిలో ఎవరో కుర్చీ జరిపారు.
"గాలికి వస్తాం.
ఇంకా, మా చెల్లెలు రెండో వంపులో
ఖాయంగా వాంతి చేసుకుంటుంది,
అది వినడానికి."
ముందు తెల్మోయే నవ్వాడు.
తర్వాత చాలాసేపు ఏదో రాసుకున్నాడు.

నాలుగున్నరకి జవాబొచ్చింది: సరిచేశాం.
టాబ్. "బొతావ్ ఒకటి."
టాబ్. "బొతావ్ రెండు."
ఇదలీనా హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి
కాఫీ తాగొచ్చి
మళ్ళీ పెట్టుకుంది.

మన దగ్గర పేరు పెట్టడమంటే
తప్పు పట్టడం కూడా కదా.
పేరు పెట్టడానికి లేదు, అంటాం
కుదిరిన కూరని.
ఇక్కడ ఆ రెండు పనులకీ కలిపి
ఒకటే జీతం,
అదీ ఐదో తారీకు దాటాకే.

ఆరింటికి దీపాలార్పింది వాల్దెమార్.
కొత్త లిఫ్టు, నిన్ననే బిగించారు.
గోడకి నున్నటి గాజుపలక,
గుండుసూది తలంతైనా ఎత్తు లేదు, పల్లం లేదు,
వేలు తగిలితే చాలు, తనకు తోచిన అంతస్తుకి పోతుంది.
అతను చెయ్యి చాపబోయాడు.
ఆమె అప్పటికే అరచేతితో
పలకంతా ఒకసారి నిమిరింది,
జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు.

"వాల్దెమార్,
ఈ బిల్డింగు ఓనరు పేరేంటి?"

అతను సంచీలోంచి కాగితం తీసి
ముందు ఐదో వరస గీశాడు.